కర్నల్ సి. కె. నాయుడు

క్రికెట్టు నెఱుగని పల్లె నేడు మన దేశమున లేదు. కడప మండలపు మెట్టచేలలో సైతము పంట యింటికి వచ్చిన పిదప బాలురు మూడు కఱ్ఱలు పాతి ఆట మొదలిడుదురు. నూఱేండ్ల క్రిందటి మాట వేఱు. అప్పుడీ యాట దొరలదియు, సంస్థానాధీశులదియు నని జనుల తలంపు. సామాన్యులు ఆడవచ్చును, గెలిపింపవచ్చును. కాని జట్టునకు నాయకుడు మాత్రము రాజవంశీయుడు కావలెను. అట్టి దినములలో సంస్థానము గాని, సింహాసనము గాని లేని యొక తెలుగువాడు భారతదేశపు మొదటి టెస్టు జట్టును నడిపెను. ఆయనయే కొఠారి కనకయ్య నాయుడు.

కొఠారివారు బందరు ప్రాంతమునుండి తరలిపోయి నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమువారు. కనకయ్య 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన ఆ నగరముననే జన్మించెను. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లండునకు పోయి కేంబ్రిడ్జిలో చదివినవాడు, న్యాయశాస్త్రము నెఱిగినవాడు. సుప్రసిద్ధ క్రీడాకారుడగు రణజిత్ సింహుడు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఆ యింట క్రికెట్టుపై మక్కువ పుట్టుట వింత కాదు. కనకయ్య ఏడేండ్ల బాలుడై యుండగనే పాఠశాల జట్టున చేరెను. పిమ్మట హిస్లాప్ పాఠశాల జట్టునకు నాయకుడయ్యెను.

ఆ కాలమున బొంబాయిలో ఏటేట పెద్ద పోటీలు జరుగుచుండెడివి. హిందువులకు, మహమ్మదీయులకు, పారసీలకు, ఐరోపావారికి వేర్వేఱు జట్లు. ఆటలో మతమును బట్టి జట్లు కట్టుట మెచ్చదగిన పద్ధతి కాదు. 1946లో ఆ పోటీలు నిలిచిపోయినవి. ఏమైనను, కనకయ్య పెద్ద క్రీడారంగమున కాలిడినది అక్కడనే. అది 1916వ సంవత్సరము. ఐరోపావారి ధాటికి హిందూ జట్టులో ఏడుగురు వెడలిపోయిరి. అట్టి విషమ సమయమున ఇరువది యేండ్ల యువకుడు బ్యాటు పట్టుకొని వచ్చెను. మొదటి మూడు బంతులను నెమ్మదిగా అడ్డుకొనెను. నాలుగవ బంతిని హద్దు దాటించి ఆఱు పరుగులు గొనెను. ప్రథమశ్రేణి క్రీడలో ఆయన చేసిన తొలి పరుగులవియే.

1923లో ఇందూరు ప్రభువగు తుకోజీరావు హోల్కరు ఆయనను పిలిపించి తన సైన్యమున కొలువిచ్చెను. కాలక్రమమున కర్నలు పదవి లభించినది. ఆఱడుగుల పొడవు, నిటారైన నడక, మితమైన మాట కలిగిన ఆయనకు ఆ బిరుదు చక్కగా అమరినది. జట్టువారు ఆయనను ప్రేమించినదానికంటె భయపడినది ఎక్కువ యనవచ్చును. ఇందూరున ముస్తాక్ అలీ యను బాలుని ప్రతిభను గుర్తించి తీర్చిదిద్దినదియు ఆయనయే.

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఇంగ్లండునుండి ఎం.సి.సి. జట్టు మన దేశమునకు వచ్చెను. డిసెంబరు 1వ తేదీన బొంబాయి జింఖానా మైదానమున కనకయ్య ఆ జట్టు నెదుర్కొనెను. క్రితము దినము గై ఎర్ల్ అను ఆంగ్లేయుడు ఎనిమిది సిక్సరులు కొట్టి ప్రేక్షకులను ఆశ్చర్యచకితులను గావించి యుండెను. కనకయ్య పదునొకండు కొట్టెను! వార్త క్షణములో నగరమున ప్రాకినది. కచేరీలు విడిచి జనులు పరుగెత్తి వచ్చిరనియు, చోటు చాలక చెట్లెక్కిరనియు చెప్పుదురు. 116 నిమిషములలో 153 పరుగులు! ఒక ఇన్నింగ్సులో అన్ని సిక్సరులు అంతవఱకు లోకమున నెవ్వరును కొట్టియుండలేదు. ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి. భారతీయులు టెస్టు పోటీలకు తగినవారని గిల్లిగనునకు నమ్మకము కలిగినది. రెండేండ్లకు, 1928 డిసెంబరులో, భారత క్రికెట్టు నియంత్రణ మండలి ఏర్పడినది.

1932లో భారత జట్టు తొలి టెస్టునకై ఇంగ్లండునకు పయనమయ్యెను. నాయకుడు పోరుబందరు మహారాజు. ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. మహారాజునకు ఆట అంతగా రాదు. అయితే ఆయనయందు ఒక సుగుణము గలదు: తన శక్తి యెంతయో ఆయన కెఱుకయే. కనుక టెస్టునకు తాను తప్పుకొనెను. లింబ్డీ కుమారుడు గాయపడి యుండెను. అప్పుడు నాయకత్వము కనకయ్యను వరించినది. రాజులకు లోబడి యాడుట కలవాటు పడిన జట్టులో కొందఱు దీనిని సహింపలేక సణిగిరి. వారిని సమాధానపఱుపవలసివచ్చినది.

జూను 25వ తేదీన లార్డ్స్ మైదానమున పోటీ ఆరంభమయ్యెను. మహమ్మద్ నిస్సార్ బంతుల వేగమునకు ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయెను. ఫీల్డింగు చేయుచుండగా కనకయ్య చేతికి గట్టి దెబ్బ తగిలినది. ఆ చేతితోనే ఆడి 40 పరుగులు చేసెను. మొదటి ఇన్నింగ్సులో మనవారిలో అంతకంటె ఎక్కువ చేసినవారు లేరు. పోటీలో 158 పరుగుల తేడాతో ఓడితిమి. కాని ఆ యోటమి నెవ్వరును చిన్నచూపు చూడలేదు. ఆ పర్యటనముననే ఎడ్జిబాస్టనులో ఆయన కొట్టిన యొక బంతి ప్రక్కనున్న రే యను చిన్న నదిని దాటి పడినది. అప్పుడు ఆ నదియే రెండు జిల్లాలకు పొలిమేర. బంతి ఒక జిల్లాలో దెబ్బ తిని వేఱొక జిల్లాలో నేలపై బడెను. 1933లో విజ్డెన్ గ్రంథము ఆయనను ఆ యేటి యైదుగురు మేటి క్రీడాకారులలో నొకనిగా ఎన్నుకొన్నది.

1933-34లో స్వదేశమున ఇంగ్లండుతో జరిగిన మూడు టెస్టులకును ఆయనయే నాయకుడు. 1936లో ఇంగ్లండు పర్యటనమునకు మాత్రము నాయకత్వమును విజయనగర మహారాజకుమారున కిచ్చిరి. అది తెలుగునాటి రాజవంశమే. కాని ఆటలో ఇరువురకును పోలిక లేదు. మూడు టెస్టులలో ఆ కుమారుడు చేసినవి 33 పరుగులు. జట్టులో కలహములు చెలరేగినవి. లాలా అమరనాథుని నడుమనే యింటికి పంపివేసిరి. తన స్థానమున మఱియొకడు నిలిచి యుండగా సాధారణ సభ్యుడై యాడుట కనకయ్య వంటి అభిమానవంతునకు ఎంత కష్టమో ఊహింపవచ్చును. ఓవల్ మైదానమున తుదిటెస్టు జరుగుచుండగా గబ్బీ అలెన్ విసరిన బంతి ఆయన దేహమునకు బలముగా తాకినది. వయసు నలువది దాటినది. ఆయన మైదానము విడువలేదు. 81 పరుగులు చేసిన పిమ్మటనే వెడలెను. అదియే ఆయన కడపటి టెస్టు. మొత్తము ఆడినవి ఏడే.

ఇతరులైనచో అంతటితో విశ్రమించి యుందురు. కనకయ్య హోల్కరు జట్టును గైకొని నాలుగు పర్యాయములు రంజీ ట్రోఫీని సాధించెను. ఏబదియేండ్లు నిండిన పిదప బరోడాపై 200 పరుగులు చేసెను. 1951-52లో బొంబాయి జట్టుతో ఆడుచుండగా ఫాడ్కర్ బంతి ముఖమునకు తగిలి రెండు పండ్లు రాలిపడినవి. వైద్యుని పిలువనీయక, పండ్లను బ్యాటుతో ప్రక్కకు నెట్టి, ఆటను సాగించెను.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. ఆ ఋతువుననే ఆంధ్ర జట్టు తొలిసారిగా రంజీ పోటీలలో దిగినది. దానికి నాయకుడెవ్వరని వెదుకవలసిన పని లేకపోయెను. పెద్దల యూరు విడిచి ఎన్నడో వలసపోయిన కుటుంబమునందలి ఆ యేబదియెనిమిదేండ్ల వృద్ధవీరుడు వచ్చి ఆంధ్రుల జట్టును నడిపెను. 1956లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ బిరుదమొసగెను. ఆ తరువాతను ఉత్తరప్రదేశ్ పక్షమున ఆడెను. 1963-64లో తన కడపటి ప్రథమశ్రేణి పోటీ యాడునప్పటికి, బొంబాయిలో ఆ నాలుగవ బంతిని హద్దు దాటించి నలువది యేడేండ్లు గడచినవి.

1967 నవంబరు 14వ తేదీన ఇందూరున ఆయన కన్నుమూసెను. దేశమునందలి యువకుల జట్లు ఆయన పేర నెలకొల్పిన ట్రోఫీకై పోటీపడుచున్నవి.