హల్ హౌసు స్థాపకురాలగు జేన్ ఆడమ్సు

యువజనులకొక గది, వృద్ధులకొక గది కట్టించి, నడుమ గోడ పెట్టించి, సంఘము వర్ధిల్లుచున్నదని సంతసించు వాడుక లోకమున నెల్లెడల గలదు. పిన్నలును పెద్దలును ఒక్క గడపనే దాటి లోనికి రాదగిన గృహమొకటి నెలకొల్పి, దానియందే నలువదియైదేండ్లు కాపురముండిన యొక విదుషీమణి చరిత్రమును ఈ మహాసభా సంచికాముఖమున సోదరులకును పోషకులకును సంగ్రహముగా విన్నవింపదలచితిమి. ఆమె అమెరికా దేశీయురాలు. పేరు జేన్ ఆడమ్సు.

ఆమె 1860వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీని ఇల్లినాయ్ రాష్ట్రమందలి సీడర్‌విల్ గ్రామమున జన్మించెను. తండ్రి జాన్ ఆడమ్సు పిండిమరల యజమానుడు. ఆ రాష్ట్ర శాసనసభయందు బహుకాలము సభ్యుడు. లింకను మహాశయునకు మిత్రుడు. జేనునకు రెండేండ్ల ప్రాయమున తల్లి గతించెను. నాలుగవ యేట వెన్నెముకకు క్షయరోగము సోకి వెన్ను వంగిపోయెను. ఇంతటి కురూపి ఆ గంభీరమూర్తికి కూతురని పరస్థలమువారు తెలిసికొన్నచో తండ్రికి తలవంపులగునని యెంచి, ఆ పసిబిడ్డ ఆదివారములందు తండ్రి ప్రక్కను నడువక పినతండ్రి చేయి పట్టుకొని నడుచుచుండెనట. ఒకనాడు సమీప పట్టణపు నడివీధిలో తండ్రి ఆమెను గాంచి, తన పట్టుటోపీని పైకెత్తి, గొప్పయింటి స్త్రీకి వలె వందనము చేసెను. నాటితో ఆ బాధ తీరెను. ఈ చిన్న సంగతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరెదము.

1881లో రాక్‌ఫర్డు స్త్రీ విద్యాలయమున చదువు ముగించెను. ఆ సంవత్సరమే తండ్రి పరలోకగతుడయ్యెను. ఫిలడెల్ఫియా నగరమున వైద్యవిద్య నారంభించెను గాని వ్యాధి తిరుగబెట్టుటచే అది సాగలేదు. ఇక నేడెనిమిదేండ్లు ఐరోపాఖండ యాత్రలతోను, చిత్రశాలల దర్శనముతోను గడచిపోయెను. ధనము కలదు, విద్య కలదు, చేయదగిన పని మాత్రము కానరాదు. చదువు చెప్పించి పని చూపకుండుట యువజనులపాలిట నొక వల యని ఆమె పిదప వ్రాసికొనెను. బిడ్డల పట్టాలను గోడలకు వ్రేలాడదీసి తృప్తి నొందు తలిదండ్రులు దీనిని కొంచె మాలోచింపవలెను.

1888లో ఆమె లండను నగరమున టాయిన్‌బీ హాలును దర్శించెను. బార్నెట్టను క్రైస్తవాచార్యుడు 1884లో స్థాపించిన ఆ గృహమున విశ్వవిద్యాలయ పట్టభద్రులు పేదల నడుమ నివసించుచు వారితో గలసి మెలసి యుండెడివారు. ఆమెకు దారి దొరకెను. మరుసటి యేట, అనగా 1889 సెప్టెంబరు 18వ తేదీని, స్నేహితురాలగు ఎలెన్ గేట్సు స్టారుతో గూడ షికాగో నగరమున హాల్‌స్టెడ్ వీధియందలి యొక పాతమేడలో కాపురము పెట్టెను. ఆ మేడను 1856లో కట్టించినవాడు చార్లెస్ హల్ అను వర్తకుడు. అతని యాస్తికి వారసురాలైన హెలెన్ కల్వరు పిదప దానిని అద్దె లేకయే యిచ్చెను. అందుచే హల్ హౌసు అను పేరు నిలిచెను.

చుట్టును ఇటలీ, జర్మనీ, ఐర్లండు, గ్రీసు దేశములనుండి వలసవచ్చినవారును, పోలండు రష్యాలనుండి వచ్చిన యూదులును ఇరుకిండ్లలో నివసించుచుండిరి. మొదట పసిపిల్లల బడి, పిమ్మట బాలుర కూటములు, పనిచేయు యువతులకు పఠనగోష్ఠి, పెద్దలకు చర్చాసభ, ఇట్లొకటి వెంట నొకటి వెలసెను. తొలి క్రిస్మసు పండుగనాడు మిఠాయి పంచగా కొందఱు బాలికలు ముట్టనొల్లరైరి. విచారింపగా, వారు మిఠాయి కర్మాగారమున ఆఱువారములుగా ఉదయ మేడు గంటలనుండి రాత్రి తొమ్మిది గంటలవఱకు పనిచేసి వచ్చినవారని తెలిసెను. దానమిచ్చువారు పుచ్చుకొనువారి నెఱిగియుండవలెనను బుద్ధి ఆమెకు ఆ దినముననే కలిగెను. 1893లో ఇల్లినాయ్ రాష్ట్రమున వెలువడిన కర్మాగార శాసనమునకు హల్ హౌసువాసియగు ఫ్లోరెన్సు కెల్లీ చేసిన కృషి ముఖ్యకారణము.

పోషకులు ప్రత్యేకముగా వినదగిన సంగతి యొకటి కలదు. కూలిపనులు సేయు యువతులు 1891లో తమ ఖర్చులు తామే పంచుకొని నివసించుటకు జేన్ క్లబ్బు అను వసతిగృహము నేర్పరచుకొనిరి. మొదటి నెల అద్దె మాత్రమే హల్ హౌసువా రిచ్చిరి. ఆ క్లబ్బునకు సొంత భవనము కట్టించుటకై యొక ధనికుడు 20,000 డాలర్లు ఇచ్చెదననెను. అతడు తనవద్ద పనిచేయు బాలికలకు చాలీచాలని జీతమిచ్చువాడని ప్రసిద్ధి. ఆమె ఆ ధనమును తిరస్కరించెను. కొంతకాలమునకు వేఱొకరి సాయమున భవనము లేచినది. చందాపట్టీ చేతబట్టి తిరిగిన అనుభవము మాకును గలదు గావున, ఆ తిరస్కారము విలువ యెఱుగుదుము.

పేటలో చెత్త కుప్పలు పేరుకొని పిల్లలు రోగములపాలగుచుండగా, 1895లో నగరాధ్యక్షుడు ఆమెనే పారిశుద్ధ్య తనిఖీదారుగా నియమించెను. ప్రాతఃకాలమున ఆఱు గంటలకే లేచి చెత్తబండ్ల వెంట తిరుగుచుండెను. ఒక వీధిలో పదునెనిమి దంగుళముల మాలిన్యమును తవ్వగా దాని క్రింద రాతిబాట బయటపడెనట! మరుసటి యేట రష్యాకేగి టాల్‌స్టాయి ఋషిని దర్శింపగా, ఆయన ఆమె దుస్తుల చేతుల వెడల్పును జూచి పరిహసించెను. ఆమె సిగ్గుపడి, ఇక ప్రతిదినము రెండుగంటలు స్వహస్తములతో రొట్టెలు కాల్చెదనని సంకల్పించెను. ఇల్లు చేరి, తనకై కాచుకొనియున్న జనమును, ఉత్తరములను చూచినపిదప ఆ సంకల్పమును విడిచిపెట్టెను. మా యభిప్రాయమున నిది లోపము గాదు.

ఇక వృద్ధుల విషయము. ఒకనాడు దిక్కులేని ముదుసలి నొకతెను ప్రభుత్వపు అనాథశాలకు తీసికొనిపోవ నుద్యోగులు రాగా, ఆమె తన పాత సొరుగుల బీరువాను కౌగిలించుకొని వదలదయ్యెను. ఆ బీరువాను పగులగొట్టిననే గాని ఆమెను విడదీయలేనట్లుండెను. జీవితమున మిగిలిన సొత్తు అంతయే! ఈ దృశ్యము జేనును కలచివేసెను. అటుపై కొన్ని యేండ్లు, వేసవియందు అనాథశాలనుండి ఐదాఱుగురు వృద్ధస్త్రీలను రెండువారములపాటు హల్ హౌసునకు అతిథులుగా రప్పించుచుండెను. వారు పాతనేస్తముల నింట నింట దర్శించి, చలికాలమంతయు చెప్పుకొనుటకు చాలినన్ని కబుర్లు మూటగట్టుకొని పోవుచుండిరి.

అతిథిసత్కారము మంచిదే, కాని వృద్ధులకు గౌరవము వేఱు విధమున గలుగవలెనని ఆమె గ్రహించెను. వలసవచ్చినవారి పిల్లలు ఆంగ్లము నేర్చి, కర్మాగారములలో జీతములు తెచ్చుచు, ఆ భాష రాని తలిదండ్రులను మోటువారని చులకన సేయుచుండిరి. ఇటలీ దేశపు ముదుసలి యొకతె వీధిలో తకిలితో నూలు వడకుచుండగా ఆమె చూచెను. 1900లో కార్మిక ప్రదర్శనశాల వెలసెను. అందు నిర్జీవవస్తువుల ప్రదర్శనము గాదు. ఆయాదేశముల పెద్దలే కూర్చుండి తమతమ రీతుల వడకుచు నేయుచు, చూడవచ్చినవారికి నేర్పుచుండిరి.

శనివారము రాత్రులందు ఇటలీదేశపు బాలిక యొకతె వంట నేర్చుకొనుటకు వచ్చుచుండెను. ఆమె తల్లి అదే సమయమున వడుకుటకు వచ్చెడిది. తలకు రుమాలు కట్టి, మోటుబూట్లు తొడిగి, పొట్టిలంగా ధరించిన ఆమెను తన తల్లియని యెవ్వరు నెఱుగకుండుటకై కూతురు వేఱొక ద్వారమున లోనికి వచ్చెడిది. ఒకనాటి రాత్రి విద్యాశాస్త్రజ్ఞులు కొందఱు తల్లిని చుట్టుముట్టి, ఆమె చేతినేర్పునకు మెచ్చుకొనుచు, తకిలిపై నింతగా వడుకువారు అమెరికాలో లేరనుకొనుచుండగా కూతురు వినెను. అది నిజమా యని జేనును అడిగెను. జేన్ ఆమెకు తల్లి పుట్టిన పల్లెను గూర్చియు, ఆ పల్లెను విడిచి షికాగో ఇరుకుటింట బ్రతుకుట యెంత కష్టమో దానిని గూర్చియు వివరించి చెప్పెను. కొలదికాలమునకు మంచము క్రింది పెట్టెలో దాచబడిన నేతబట్టలు బయటకు వచ్చెను. కూతురును తల్లి వచ్చు ద్వారముననే రాసాగెను. నడివీధిలో టోపీ నెత్తిన తండ్రి యిచ్చట మఱల మాకు కానవచ్చుచున్నాడు.

1907 నాటికి హల్ హౌసు పదుమూడు భవనముల సముదాయమయ్యెను. లూయీజ్ బోవెన్ అను ధనికురాలి దానముచే బాలుర క్లబ్బునకు ప్రత్యేక భవనమేర్పడెను. బాలనేరస్థులకై 1899లో షికాగోలో ఏర్పడిన న్యాయస్థానము ఈ గృహవాసుల కృషిఫలమునకు తార్కాణము. 1915లో హేగు నగరపు స్త్రీల శాంతిసభకు ఆమె అధ్యక్షత వహించెను. తన దేశము యుద్ధమున దిగినపుడు దానిని వ్యతిరేకించి, నాడు స్తుతించిన పత్రికలచేతనే దేశద్రోహియని నిందింపబడెను. 1923లో ప్రపంచయాత్రలో భారతదేశమును గూడ దర్శించెను. 1931లో నోబెలు శాంతిబహుమాన మామెకును నికొలస్ మరే బట్లరునకును కలిపి యీయబడెను.

1935 మే 21వ తేదీని ఆమె దివంగతురాలయ్యెను. హల్ హౌసునందుంచిన ఆమె దేహమును కడసారి దర్శించుటకు వేలకొలది జనులు వచ్చిరి. సీడర్‌విల్‌లో తనవారి చెంత ఆమెను సమాధి చేసిరి. 1960 తరువాతి దశాబ్దమున విశ్వవిద్యాలయ నిర్మాణమునకై ఆ భవనములలో పెక్కింటిని పడగొట్టిరి. సేవాసంఘము వేఱుతావులందు సాగి, ధనాభావముచే 2012 జనవరిలో మూతపడెను. హల్ వర్తకుని పాతమేడయు, గృహవాసులు భుజించిన భోజనశాలయు మాత్రము ప్రదర్శనశాలగా హాల్‌స్టెడ్ వీధిని నిలిచియున్నవి.