మందుకు లొంగని క్రిములపై పోరుకు ఆద్యుడు యల్లాప్రగడ

కర్నూలు: రోగి చీము, రక్తం, మూత్రం నమూనాల నుంచి బ్యాక్టీరియాను గాజు పళ్లెంలో పెంచి, దానిపై మందు అద్దిన కాగితపు బిళ్లలను ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. క్రిమి లొంగకపోతే బిళ్ల అంచు దాకా పెరుగుతుంది. కర్నూలు, కడప సర్వజన ఆసుపత్రుల వంటి బోధనాసుపత్రుల్లో జరిపే ఈ పరీక్షలో టెట్రాసైక్లిన్ తరగతి మందులకూ స్థానముంది. ఆ తరగతిలో తొలి ఔషధం తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోనే వెలుగుచూసింది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధికి బలికావడం ఆయనను పరిశోధన వైపు మళ్లించింది.

1922లో అమెరికా చేరి, మళ్లీ స్వదేశం చూడలేదు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు. స్ప్రూను నయంచేసే ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సరుకు వాడిన అమినోప్టెరిన్ ఆయన బృందం కృషి ఫలితాలే.

ఆ బృందంలోని వృద్ధ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ పలు ప్రాంతాల మట్టి నమూనాలను జల్లెడపట్టి, మిస్సోరీ పొలపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను రాబట్టారు. పెన్సిలిన్‌కు లొంగని పలు క్రిములపైనా పనిచేసిన ఈ ఔషధాన్ని 1948 జులైలో లోకానికి ప్రకటించారు. మరుసటి నెలలోనే, 53 ఏళ్ల ప్రాయంలో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది.

అయితే ఆ విజయం ఎంతోకాలం నిష్కంటకంగా సాగలేదు. 1953 నాటికే టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే రక్తవిరేచనాల క్రిమి బయటపడింది. ఒక బ్యాక్టీరియా తన నిరోధక జన్యువును పొరుగు బ్యాక్టీరియాకు అందించగలదు. అందువల్ల ఒక వార్డులో పుట్టిన మొండి క్రిమి ఆసుపత్రి అంతటికీ ముప్పు తెస్తుంది. వైద్యుని చీటీ లేకుండా మందుల దుకాణంలో కొన్న మాత్రలు, అనవసర వాడకం ఈ ముప్పును పెంచుతున్నాయి. బిళ్లల పరీక్ష ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఏ మందు పనిచేస్తుందో తేల్చి, పనికిరాని మందు నుంచి రోగిని కాపాడేది ఆ నిరీక్షణే. సుబ్బారావు వంటివారు జీవితాలు ధారపోసి సాధించిన ఔషధాల శక్తి నిలిచేదీ అలాంటి జాగ్రత్తతోనే.