టైరోన్ ప్రభువు హ్యూ ఓనీల్

ఐర్లండునందలి అల్‌స్టర్ సీమలో ఓనీల్ వంశము మిక్కిలి ప్రాచీనమైనది. ఎర్రని కుడి అరచేయి ఆ వంశపు లాంఛనము. వంశనాయకుడైనవాడు తన సొంతపేరు విడిచి ‘ఓనీల్’ అనియే పిలువబడెడివాడు. టలహోగ్ గుట్టపైనున్న శిలాసనమే అతనికి సింహాసనము. ఆ పదవి జ్యేష్ఠపుత్రునికే చెందవలెనను నియమము లేదు; వంశజులలో సమర్థుడని ఎన్నుకొనబడినవానికే అది దక్కును.

ఆంగ్లప్రభువు ఎనిమిదవ హెన్రీ ఈ ఆచారమును తుదముట్టింప దలచెను. నాయకుడైన కాన్ ఓనీలుచే భూములను తనకు సమర్పింపజేసికొని, తిరిగి వానినే అతనికి ప్రసాదించి, 1542లో ‘టైరోన్ ఎర్ల్’ అను బిరుదము నొసగెను. కాన్ పిమ్మట అది మాథ్యూకు సంక్రమింపవలెనని శాసనము. మాథ్యూ ఓనీల్ రక్తమువాడే కాడని కాన్ కుమారుడు షేన్ వాదించెను. ఆ వివాదమున 1558లో మాథ్యూయు, 1562లో అతని పెద్దకుమారుడు బ్రయనును హతులైరి. మిగిలిన బాలుడే హ్యూ.

ఆంగ్లేయుల ప్రాపున పెరిగిన హ్యూ వారి భాషను, మర్యాదలను, యుద్ధతంత్రమును అభ్యసించెను. వారి పక్షమున కత్తిపట్టి పోరాడెను. 1587లో ఎలిజబెత్ రాణి అతనిని టైరోన్ ఎర్లుగా స్థిరపరచెను. 1591లో ఆంగ్లసేనాని హెన్రీ బాగెనల్ చెల్లెలు మేబెల్‌ను, అన్న కిష్టము లేకున్నను, వివాహమాడెను. బాగెనల్ కట్నము చెల్లింపక పగబూనెను.

1595లో రాణి ప్రభుత్వము హ్యూను ద్రోహిగా ప్రకటించెను. ఆ యేడే అతడు టలహోగ్ శిలపై ‘ఓనీల్’గా పట్టము గట్టుకొనెను. రాణి యిచ్చిన బిరుదమును రాణి తీసివేయగలదు. శిల యిచ్చిన పేరు ఆమె వశమున లేదు. 1598 ఆగస్టు 14న యెల్లో ఫోర్డు రణమున బాగెనల్ నేలకూలెను. ఐర్లండంతయు హ్యూ వైపు చూచెను.

కాని 1601లో స్పెయిను సైన్యము దక్షిణపు కొసనున్న కిన్‌సేల్‌లో దిగెను. ఉత్తరమున కందకములు, అడవులు, చిత్తడినేలల మాటున గెలిచిన సేన చలికాలమున దేశమంతయు దాటి బయలునేలను పోరవలసి వచ్చి ఓడెను. మరుసటి యేట ఆంగ్లసేనాపతి మౌంట్‌జాయ్ టలహోగ్ శిలను పగులగొట్టించెను.

1603 మార్చి 30న మెల్లిఫాంట్‌లో హ్యూ లొంగిపోయెను. ఎర్ల్ బిరుదము నిలిచెను. ఓనీల్ నామమును త్యజింపవలసి వచ్చెను. రాణి ఆరుదినములకు ముందే మరణించెనని అతనికి తెలియనీయలేదు. ఏ రాణికి దాసోహమనెనో ఆమె అప్పటికే లేదు!

మిగిలిన బిరుదమును గూడ సుఖముగ నుండనీయలేదు. 1607 సెప్టెంబరులో అతడు బంధుమిత్రులతో రత్‌ములన్ రేవున ఓడ నెక్కెను. పోప్ ఇచ్చిన భత్యముపై రోమునగరమున బ్రతికి, స్వదేశమును మరల చూడకయే 1616 జులై 20న కన్నుమూసెను. అతని భూములు బ్రిటను నుండి వచ్చిన వలసదారుల పాలయ్యెను.

1611లో మొదటి జేమ్స్ రాజు ‘బేరొనెట్’ అను నూతన బిరుదమును నెలకొల్పెను. అల్‌స్టర్‌లో ముప్పదిమంది సైనికులను మూడేండ్లు పోషించుటకగు వ్యయము, అనగా 1,095 పౌనులు, చెల్లించినవారికి అది లభించెను. వారి లాంఛనము అల్‌స్టర్ ఎర్రచేయియే. కుడిచేతికి మారుగా ఎడమచేయి. హ్యూ రోమున జీవించియుండగనే అతని వంశచిహ్నము పరుల డాళ్ల నెక్కెను.