శ్రీ దామోదరం సంజీవయ్య గారు

మన అధ్యక్ష మండలమునకు నూరు సంవత్సరములు నిండిన ఈ సమయమున సంఘమును నడిపిన దైవజనులను స్మరించుకొనుచున్నాము. అధికారులను గూర్చి ప్రార్థించుట కూడ మన ఆరాధనలో భాగమే గనుక, మన రాష్ట్రము నేలినవారిలో ఒకరి జీవితమును ఇచ్చట తలంచుకొనుట తగునని యెంచితిమి.

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా పెద్దపాడు గ్రామమున భూమి లేని దళిత కుటుంబములో జన్మించిరి. పుట్టిన కొద్ది దినములకే తండ్రి మునయ్య గారు చనిపోయిరి. తల్లి సుంకులమ్మ గారు కాయకష్టము చేసి బిడ్డలను పెంచిరి. సంజీవయ్య గారు కర్నూలులోను అనంతపురములోను చదివి, చిన్న ఉద్యోగములు చేసికొనుచు, మద్రాసులో న్యాయశాస్త్రము పూర్తిచేసిరి. 1950లో న్యాయవాదియై, ఆ యేడే తాత్కాలిక పార్లమెంటులో సభ్యులైరి. 1952లో రాజాజీ గారి మంత్రివర్గమున మద్రాసు రాష్ట్ర మంత్రియైరి.

1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవి స్వీకరించునాటికి ఆయన వయస్సు 38 సంవత్సరములే. భారతదేశమున దళితుడొకడు ముఖ్యమంత్రి యగుట అదే మొదలు. ఊరి బావి దగ్గరకు రానివ్వని జనములోనుండి ఒకడు లేచి రాష్ట్రము నేలుట ఆనాటి పల్లెలలో ఎంత ధైర్యము కలిగించెనో మన పెద్దలకు తెలియును.

ఆయన ముఖ్యమంత్రి యైన పిమ్మట కూడ తల్లి పెద్దపాడులోనే కట్టెల పొయ్యి దగ్గర వంట చేసికొనుచుండిరట. కుమారుడు ఖర్చులకు డబ్బు ఇయ్యగా, తనకు కొడుకున్నాడు గాని కొడుకులు లేని ముసలివారి గతి యేమని ఆమె అడిగిరనియు, ఆ మాట ఆయన మనస్సున నాటుకొన్నదనియు జనులు చెప్పుకొందురు. ఆయన పాలనలోనే దిక్కులేని వృద్ధులకు పింఛను ఏర్పాటైనది. ప్రతి నెల పింఛను అందుకొను మన సంఘములోని అవ్వలు, తాతలు ఆయన పేరు ఎరుగకపోవచ్చును. ఆయన వేసిన బాట మాత్రము వారి గుమ్మము వరకు వచ్చియున్నది.

లంచగొండితనమును అరికట్టుటకై 1961 జనవరి 2న అవినీతి నిరోధక శాఖ ప్రత్యేకముగా ఏర్పడినదియు ఆయన కాలముననే. బంజరు భూములను భూమిలేని పేదలకు పంచుటకు ఆయన పూనుకొనిరి.

ఆయన పదవిలో నున్నది రెండు సంవత్సరముల రెండు నెలలు మాత్రమే. 1962 ఎన్నికల పిమ్మట ముఖ్యమంత్రి పీఠము మరల నీలం సంజీవరెడ్డి గారికి పోయెను. ఆ యేడే సంజీవయ్య గారు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులైరి. తరువాత కేంద్ర కార్మిక మంత్రిగా నుండగా 1965లో కార్మికులకు బోనస్ చెల్లింపు చట్టము వచ్చినది. 1971లో మరల కాంగ్రెసు అధ్యక్షులై, 1972 మే నెలలో తమ 51 యేండ్ల వయస్సున ఢిల్లీలో మరణించిరి.

నాయకుల గొప్పతనమును వారు ఏలిన యేండ్లతో కొలుచుట మనకు అలవాటు. సంజీవయ్య గారి జీవితమును చూచిన పిమ్మట ఆ కొలత చాలదని మాకు తోచుచున్నది. కుర్చీలో ఎంతకాలము కూర్చుండెనని గాక, కూర్చున్నప్పుడు ఎవరిని మరువలేదని అడుగవలెను. ఈ ప్రశ్న మంత్రులకే గాదు. సంఘములో ఏ చిన్న బాధ్యత వహించు మనకును వర్తించును.