పాలపన్ను, ఫాస్ఫేటు, మన సుబ్బారావు గారు

మా అబ్బాయికి నాలుగేళ్ళు నిండకముందే కింది వరసలో ముందరి పాలపన్ను ఒకటి ఊడి వచ్చింది. దెబ్బ తగిలినట్టు మాకెవరికీ గుర్తు లేదు. పాలపళ్ళు ఆరో ఏటికి అటూ ఇటూగా ఊడటం మామూలే. అప్పటికి వేరు అరిగిపోయి ఉంటుంది. వీడి పన్నుకి మాత్రం వేరు మొత్తం అలాగే ఉంది. డెంటిస్టు దాన్ని కాసేపు పరీక్షగా చూసి, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎంత ఉందో చూడాలన్నారు. రిపోర్టు వచ్చేదాకా నిద్ర పట్టక, దొరికిందల్లా చదివాను. ఆ చదువులో ఎదురయ్యారు మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీ గారి పిలుపు విని ఖద్దరు తొడిగితే సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. మామగారు కూడబెట్టిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. ఆస్పత్రిలో చిన్నా చితకా పనులు చేసుకుంటూ హార్వర్డులో చదువుకున్నారు.

అక్కడ సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరుతో కలిసి 1925లో ఒక కొలత పద్ధతి ప్రచురించారు. రక్తంలోనో, కండరాల రసంలోనో ఉన్న ఫాస్ఫేటుకి మోలిబ్డేటు కలిపి, దానికి మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువన్నమాట. ఇంతే! కానీ ఈ ఇంతే కోసం ప్రపంచంలోని ల్యాబులన్నీ ఎదురు చూస్తున్నాయి. ఎముకలో ఒక ఎంజైము ఫాస్ఫేటుని విడుదల చేసి ఖనిజం కట్టడానికి తోడ్పడుతుందని 1923లో లండన్‌లో రాబర్ట్ రాబిసన్ ప్రతిపాదించారు. అలాంటి ఎంజైము పనితనం తెలియాలంటే అది ఎంత ఫాస్ఫేటు విడుదల చేసిందో కొలవాలి కదా. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అందుకు చక్కగా పనికొచ్చింది.

కండరాల రసంతో చేసినప్పుడు నీలిరంగు ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా పెరగటం వాళ్ళు గమనించారు. పొరపాటులే అని వదిలెయ్యలేదు. తరచి చూస్తే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో మన కణాలకి శక్తినిచ్చే ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుక్కున్నారు.

ఇక పంటి వేరు సంగతి. వేరు పైన సిమెంటం అనే పల్చటి పొర ఉంటుంది. దవడ ఎముక నుంచి వచ్చే నారలు అందులో నాటుకుని పన్నుని పట్టి ఉంచుతాయి. ఆ పొర గట్టిపడాలంటే కాల్షియం, ఫాస్ఫేటు కలిసి స్ఫటికాలు కట్టాలి. కణాల బయట ఈఎన్‌పీపీ1 అనే ఎంజైము ఏటీపీని కోసి పైరోఫాస్ఫేటు తయారు చేస్తుంది. ఇది స్ఫటికాలని పెరగనివ్వదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దాన్ని విడగొట్టి ఫాస్ఫేటుగా మారుస్తుంది. అడ్డూ తొలగుతుంది, ముడిసరుకూ దొరుకుతుంది. ఒకటి బ్రేకు, ఇంకొకటి ఆ బ్రేకుని వదిలించేది. మొదటి ఎంజైము లేని ఎలుకల్లో సిమెంటం మామూలు కంటే ఎన్నో రెట్లు మందంగా పెరిగింది. రెండోది లోపించిన పిల్లల్లో సిమెంటం సరిగా ఏర్పడదు. నారలకి పట్టు దొరక్క పాలపన్ను వేరుతో సహా ఊడుతుంది. ఆ జబ్బు పేరు హైపోఫాస్ఫటేసియా. తీవ్రంగా ఉంటే ఎముకలు కూడా మెత్తబడతాయి. మా డెంటిస్టు భయం అదే.

ఏటీపీ కనిపెట్టినా హార్వర్డులో సుబ్బారావు గారికి శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీలో చేరారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకి వాడే హెట్రజాన్, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్, ఇవన్నీ ఆయన నడిపించిన బృందాల పనే. ఆయన ఇటు వచ్చాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భార్య శేషగిరి గారు అక్కడే ఉండిపోయారు. ఆయన మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే గుండెపోటుతో నిద్రలోనే వెళ్ళిపోయారు. హైపోఫాస్ఫటేసియాకి కెనడా డాక్టరు రాత్‌బన్ ఆ పేరు పెట్టిందీ 1948లోనే. లోపించిన ఎంజైముని ఇంజెక్షనుగా ఇచ్చే మందుకి అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది.

మా వాడి రిపోర్టు మామూలుగానే వచ్చింది. ఆటల్లో మేం గమనించని దెబ్బేదో తగిలి ఉంటుందన్నారు. గండం గడిచింది. ఆ కాగితం మీద ఉన్నది ఒక్క అంకె. దాని వెనక ఎవరున్నారో అంతకు ముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. ఎంజైములని కొలవటం నేర్చుకున్న తరానికి ఒక మంచి కొలబద్ద ఇచ్చినవాడు మన భీమవరం మనిషి. మనలాగే సూట్‌కేసుతో ఈ దేశం వచ్చి, మనలా సెలవులకి ఇంటికి వెళ్ళే వీలు లేక ఇక్కడే కన్నుమూసిన మనిషి. మీ పిల్లల పాలపన్ను ఊడిన రోజున ఆయన గురించి ఓ మాట చెప్పండి. మా వాడికి నేను చెప్పాను. సగం అర్థమైంది, పేరు మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.