బంగారు జట్టును తీర్చిన బడిపంతులు

భారత ఫుట్‌బాల్‌కు ఒక స్వర్ణయుగం ఉంది. అది 1951లో మొదలై 1962తో ముగిసింది. ఆ పన్నెండేళ్ళలో మన దేశం రెండుసార్లు ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. ఈ విజయాలన్నిటి వెనుక ఉన్నది హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరికీ ఆయన రహీం సాబ్.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో అక్కడి జట్టుకు ఆడారు. తర్వాత నగరంలో పేరున్న కమర్ క్లబ్ తరఫున బరిలోకి దిగారు. పొట్ట పోసుకున్నది మాత్రం ఉపాధ్యాయ వృత్తితోనే. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, ఆటల బాధ్యత కూడా చేపట్టారు. 1940ల్లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆటగాడిగా కంటే ఆట నేర్పే గురువుగానే ఆయన పేరు నిలిచిపోయింది.

కలకత్తాను నిలువరించిన పోలీసులు

ఫుట్‌బాల్ అంటే కలకత్తాదే అనుకునే రోజులవి. అలాంటి సమయంలో రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలుచుకుంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు ఇంకొకరికి దక్కనివ్వలేదు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాదు 1956-57, 1957-58 సంవత్సరాల్లో వరుసగా గెలిచింది.

ఆయన శిక్షణ పద్ధతే వేరు. ఆటగాళ్ళ చేత వాటం లేని కాలితోనే ఆడించే పోటీలు పెట్టేవారు. బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ఒక్కడే పరుగెత్తడం నిషేధిస్తూ మరికొన్ని పోటీలు జరిపేవారు. అందిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. ఎంత గొప్ప ఆటగాడైనా జట్టులో ఒకడే అని ఆ పోటీలు నేర్పాయి.

సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేదింటి కుర్రవాడు. శిక్షణకు నగరానికి రావడానికి చేతిలో డబ్బులు లేవు. రహీం తన జేబులోంచి రూపాయి తీసి, సైకిలు అద్దెకు తీసుకుని రమ్మన్నారు. ఆ కుర్రవాడే తర్వాత రెండు ఒలింపిక్స్‌లలో దేశం తరఫున ఆడాడు.

ఓటమి నేర్పిన పాఠం

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో రహీం జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం సాధించింది. ఆ మరుసటి ఏడే పెద్ద దెబ్బ తగిలింది. హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో భారత్ ఓడిపోయింది. చలిలో మనవాళ్ళు పలువురు బూట్లు లేకుండానే ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి.

రహీం కుంగిపోలేదు. ఆట తీరునే మార్చారు. వెనుక నలుగురు, మధ్యన ఇద్దరు, ముందు నలుగురు ఉండే పద్ధతిని మనవాళ్ళకు అలవాటు చేశారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచిన తర్వాత లోకమంతా మెచ్చుకున్న పద్ధతి అదే.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు ఉన్నారు. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో, పతకం పోటీలో బల్గేరియా చేతిలో ఓడినా, భారత్‌కు నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి అంతకు మించిన స్థానం మళ్ళీ రాలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో రహీం కుమారుడు హకీం కూడా ఉన్నాడు. అయినా తండ్రి అతన్ని ఒక్క మ్యాచ్‌లోనూ ఆడించలేదు.

జకార్తాలో ఆఖరి పాఠం

1962 ఆసియా క్రీడల నాటికి రహీం ఆరోగ్యం దెబ్బతింది. అయినా జట్టును వెంటబెట్టుకుని జకార్తా వెళ్ళారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాతి మ్యాచ్‌లో థాయిలాండ్‌ను ఓడించినా, రక్షణ వరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. పైగా ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి ఒకరు తప్పుపట్టడంతో స్థానిక జనం మన దేశంపై ఆగ్రహంతో ఉన్నారు.

జర్నైల్ సింగ్‌ను పక్కన పెడతారని అందరూ అనుకున్నారు. రహీం అతన్ని ముందు వరుసలో నిలబెట్టారు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనల్లో భారత్ 3-2తో గెలిచింది. అందులో ఒక గోల్ జర్నైల్‌ది.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా. స్టేడియం నిండా జనం భారత్‌కు వ్యతిరేకంగా కేకలు వేస్తూనే ఉన్నారు. మనవాళ్ళకు మద్దతుగా గొంతు కలిపినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉండటం విశేషం. జ్వరం నుంచి కోలుకుంటున్న తంగరాజ్‌నే రహీం గోల్ కాపలాకు పంపారు. మొదట పి.కె.బెనర్జీ, ఆ వెంటనే జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. కొరియా చివర్లో ఒక గోల్ తిరిగి కొట్టినా, 2-1తో బంగారం భారత్‌దే అయింది.

ఆ విజయం తర్వాత రహీం ఏడాది కూడా బతకలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డును ప్రభుత్వం నెలకొల్పింది 1985లో. ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చిత్రం 2024లో విడుదలైంది.

1970లో బ్యాంకాక్‌లో భారత్‌కు కాంస్యం దక్కింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం మాత్రం రహీం సాబ్ తెచ్చిన ఆ రెండే.