తన వాళ్లందరినీ వెంట తీసుకెళ్లిన విల్ మేరియన్ కుక్

ఊరొదిలి బతకడానికొచ్చిన మనందరికీ ఒక సంగతి అనుభవమే. చేతిలో ఎంత పనితనమున్నా, ఎదుటోళ్లు ముందు చూసేది మనం ఎక్కడోళ్లమన్నదే. సొంత దేశంలోనే ఈ బాధ పడ్డ ఒక కళాకారుడి గురించి ఈసారి చెప్పుకుందాం.

విల్ మేరియన్ కుక్ 1869లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తండ్రి లాయరు. కొడుక్కి పదేళ్లప్పుడే ఆయన పోయారు. ఓబర్లిన్‌లో వయొలిన్ నేర్చుకుంటున్న కుర్రాడి ప్రతిభ చూసి, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ లాంటి పెద్దలు పూనుకున్నారు. కచేరీ పెట్టించి, డబ్బులు పోగుచేసి జర్మనీ పంపారు. బెర్లిన్‌లో చదివొచ్చాక, న్యూయార్క్‌లో డ్వోర్జాక్ నడిపిన నేషనల్ కన్సర్వేటరీలోనూ కుక్ చదివారు.

ఇంత నేర్చినా తెల్లవాళ్ల ఆర్కెస్ట్రాల్లో చోటు దొరకలేదు. ఒక విలేకరి నల్లజాతి వయొలినిస్టుల్లో గొప్పవాడని పొగిడితే, ఆ జాతి తోక ఎందుకని కోపమొచ్చి వయొలిన్ పగలగొట్టారని ఒక కథ చెప్తారు. ఏదేమైనా ఆయన నాటకాలకు సంగీతం కట్టడం మొదలుపెట్టారు.

1898లో కవి పాల్ లారెన్స్ డన్‌బార్‌తో కలిసి 'క్లోరిండీ' తయారుచేశారు. న్యూయార్క్ కసీనో థియేటర్ మేనేజరు కుదరదన్నాడు. కుక్ మాత్రం అవకాశం దొరికిందని తన బృందానికి చెప్పి, అందరినీ వెంటబెట్టుకుని రిహార్సల్‌కి వెళ్లిపోయారు. అక్కడి ఆర్కెస్ట్రా నడిపే జాన్ బ్రాహమ్ అండగా నిలబడ్డారు. ప్రదర్శన జరిగింది, జనం ఊగిపోయారు.

అయితే దానికి చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. అప్పట్లో నల్లవాళ్లను వెక్కిరించే పాటలకే గిరాకీ. కుక్ కూడా అలాంటి మాటలకు బాణీలు కట్టారు. అవి విని, ఇంత చదివించింది ఇందుకా అని తల్లి కన్నీళ్లు పెట్టుకుంది.

1903లో 'ఇన్ దహోమీ' వచ్చింది. రాసినవాళ్లు, ఆడినవాళ్లు అంతా నల్లవాళ్లే అయిన పూర్తి నిడివి సంగీత నాటకం బ్రాడ్‌వేలోని పెద్ద థియేటర్ ఎక్కడం అదే మొదలు. చూడ్డానికొచ్చిన నల్లవాళ్లను మాత్రం పై బాల్కనీలోనే కూర్చోబెట్టారు! అదే ఏడాది లండన్ వెళ్లి, బకింగ్‌హామ్ రాజభవనంలో ఆడారు. 1919లో కుక్ మళ్లీ పెద్ద బృందంతో లండన్ వెళ్లారు. సిడ్నీ బెషే అనే కుర్రాడి ప్రతిభను అక్కడివాళ్లు చూసింది ఆ బృందంలోనే. తర్వాతి రోజుల్లో డ్యూక్ ఎల్లింగ్టన్‌కు సంగీతంలో మెలకువలు చెప్పిందీ కుక్కే. 1944లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

మనలోనూ ముందొచ్చినోళ్లు ఉన్నారు, నిన్నగాక మొన్న దిగినోళ్లూ ఉన్నారు. కుక్ తలుపు తెరుచుకున్నప్పుడు ఒక్కరే లోపలికి పోలేదు, తనవాళ్లందర్నీ తీసుకుపోయారు. మనకు తెలిసిన పని ఇంకొకరికి నేర్పి, చెయ్యందిస్తే చాలు, ఆయన్ని తలుచుకున్నట్టే.